పీఎస్5 కొన్నవాళ్ల మాటలకు పొంతన ఎందుకు కుదరదు? హైదరాబాద్ ఇంటికి కొనేముందు చూసుకోవాల్సినవి

అడిగింది క్లుప్తంగా: కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. 55 అంగుళాల 4కే టీవీ, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది). పిల్లలు ఇద్దరు, 9 ఏళ్లు, 14 ఏళ్లు. బడ్జెట్ 60 వేల లోపు. పీఎస్5 (సోనీ గేమింగ్ మిషన్ ప్లేస్టేషన్ 5) కొన్నవాళ్లలో కొందరు అద్భుతం అంటున్నారు, కొందరు డబ్బు దండగ అంటున్నారు. వేడెక్కుతుంది, కంట్రోలర్ పోతుంది, స్టోరేజ్ చాలదు అని రాస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి? గేము డిస్క్ వేసుకునేదా, నెట్ నుంచి మాత్రమే దించుకునే డిజిటలా? కొత్తదా, సెకండ్ హ్యాండా?

మీరు చదివిన రెండు రకాల మాటలూ నిజమే అండీ. పొగిడినవాళ్లు అబద్ధం చెప్పలేదు, తిట్టినవాళ్లూ చెప్పలేదు. మిషన్ ఒకటే. దాన్ని ఏ టీవీకి తగిలించారు, ఏ అరలో పెట్టారు, కరెంటు ఎలా ఉంది, గేములు ఎలా కొంటున్నారు అన్నవి ఇంటింటికీ మారతాయి. చాలామంది పీఎస్5 గురించి రాస్తున్నాం అనుకుంటూ తమ టీవీ గురించో, తమ షోకేసు గురించో రాస్తారు. అందుకని ఎవరి అభిప్రాయం చదివినా ముందు నాలుగు వివరాలు వెతకండి: ఎప్పుడు రాశారు, ఏ మోడల్, ఏ టీవీ, డిస్కా డిజిటలా. ఇవి లేకుండా ఐదు స్టార్లు ఇచ్చినా ఒక్క స్టారు ఇచ్చినా మీకు ఉపయోగం లేదు.

తేదీ ఎందుకంటే, ఈ మిషన్ మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పుడు లోపల అదనపు ఎస్ఎస్‌డీ (గేములు దాచే వేగమైన స్టోరేజ్) స్లాట్ ఉన్నా సాఫ్ట్‌వేర్‌తో మూసి ఉంచారు. 2021 సెప్టెంబరులో తెరిచారు. వీఆర్ఆర్ (టీవీ వేగాన్ని గేము వేగానికి కలిపే సౌకర్యం) 2022 ఏప్రిల్‌లో, 1440పీ మానిటర్లకు సపోర్ట్ 2022 సెప్టెంబరులో, 8 టీబీ దాకా ఎస్ఎస్‌డీ వేసుకునే వీలు 2023 సెప్టెంబరులో వచ్చాయి. 2021లో రాసిన ఫిర్యాదుల్లో సగం ఈరోజు లేవు. మోడల్ నంబరు వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. సీఎఫ్ఐ-1000, 1100, 1200 పాత లావు మోడళ్లు. వీటిలో 1200లో 6 నానోమీటర్ల చిప్ వేశారు, కరెంటు కాస్త తక్కువ తాగుతుంది. సీఎఫ్ఐ-2000 నుంచి స్లిమ్. స్లిమ్ ఇక్కడ 2024 ఏప్రిల్ 5న వచ్చింది, అప్పటి ధర డిస్క్‌ది 54,990, డిజిటల్‌ది 44,990. ఆ తర్వాత ధర మారుతూ వస్తోంది, పండుగ సేల్స్‌లో తగ్గుతుంటుంది. కొనే రోజు ధర రెండు మూడు చోట్ల అడిగి చూడండి.

ఇక వేడి సంగతి. మన ఊరికి సంబంధించినంత వరకు అసలు విషయం ఇదే, కాబట్టి వివరంగా చెబుతాను.

పీఎస్5 నడవాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు అని కంపెనీ మాన్యువల్లోనే ఉంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. ఏసీ లేని హాల్లో, అదీ పై అంతస్తులో పడమటి గోడ ఉంటే, మధ్యాహ్నం మూడింటికి గదిలోనే 35 దాటిపోతుంది. అంటే మిషన్ ఆన్ చేయకముందే హద్దు మీద ఉన్నారన్నమాట. బెంగళూరులో కూర్చుని రాసినవాళ్లకి రాని ఇబ్బంది ఇక్కడ వస్తే అది పీస్ తేడా కాదు, గాలి తేడా. ఎండాకాలంలో పిల్లలు సాయంత్రం ఏడు తర్వాత ఆడుకోవడమో, ఏసీ గదిలోకి మార్చడమో చేయాలి. పైన ఫ్యాన్ తిరుగుతూ ఉండటం కూడా మేలే, మిషన్ వదిలిన వేడిగాలి అక్కడే నిలవకుండా పోతుంది.

రెండోది అర. మన ఫ్లాట్లలో టీవీ కింద చేయించే యూనిట్ లోతు సాధారణంగా 12 నుంచి 16 అంగుళాలు, ముందు గాజు తలుపు. స్లిమ్ కొలతలు 358, 216, 96 మిల్లీమీటర్లు. పడుకోబెడితే లోతు సుమారు 22 సెంటీమీటర్లు. వెనక గోడకు కనీసం 10 సెంటీమీటర్లు వదలాలి, ఎందుకంటే వేడిగాలి మొత్తం వెనక నుంచే బయటికి వస్తుంది. అంటే 32 సెంటీమీటర్లు, పదమూడు అంగుళాల దగ్గర. పన్నెండు అంగుళాల అరలో పట్టదు; బలవంతంగా దూర్చితే వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. పాత లావు మోడల్ లోతు 26 సెంటీమీటర్లు, దానికి ఇంకా చోటు కావాలి. గాజు తలుపు వేసి ఆడితే మాత్రం ఎంత పెద్ద అరైనా లాభం లేదు. తలుపు తీసేయించండి, లేదా యూనిట్ పైన, టీవీకి పక్కన పెట్టండి. వెనక ప్లైవుడ్ చెక్క ఉంటే వడ్రంగితో ఒక చేతి వెడల్పు కంత కొట్టించినా చాలా తేడా వస్తుంది.

మూడోది దుమ్ము. మియాపూర్, కొండాపూర్, తెల్లాపూర్ లాంటి కట్టడాలు ఆగని చోట్ల ఆరు నెలలు చాలు, లోపలి ఫ్యాన్ రెక్కల మీద బూడిద రంగు పొర కడుతుంది. అదే గదిలో రోజూ అగరుబత్తి వెలిగిస్తే ఆ పొర జిడ్డుగా మారి బ్రష్‌కి రాదు. మిషన్‌ని పూజ మందిరానికి దూరంగా పెట్టమని చెప్పేది ఇందుకే. మూడు నెలలకోసారి ఇలా శుభ్రం చేయండి: రెస్ట్ మోడ్ (మిషన్‌ని సగం నిద్రలో ఉంచేది) కాదు, పూర్తిగా ఆఫ్ చేసి, తీగలన్నీ పీకి, పదిహేను నిమిషాలు ఆగండి. పక్క ప్లేట్‌ని మూల దగ్గర మెల్లగా పైకి లేపి జరిపితే వచ్చేస్తుంది. పాత మోడల్‌కి రెండు ప్లేట్లు, స్లిమ్‌కి నాలుగు ముక్కలు. లోపల దుమ్ము పట్టుకోవడానికే పెట్టిన రెండు కంతలు కనిపిస్తాయి, వాటి దగ్గర వాక్యూమ్ క్లీనర్ తక్కువ స్పీడులో పెట్టి లాగండి. ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని మెత్తటి పెయింట్ బ్రష్‌తో తుడవండి. ఫ్యాన్‌ని వదిలేసి బ్లోయర్ కొడితే అది గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. తడిబట్ట వద్దు.

అంతవరకే. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ) విప్పవద్దు, ఎవరితోనూ విప్పించవద్దు. ఇందులో చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య మామూలు థర్మల్ పేస్ట్ ఉండదు, ద్రవ లోహం ఉంటుంది. అది కరెంటును ప్రసరింపజేస్తుంది. ఒక చుక్క పక్కనున్న భాగాల మీద పడ్డా బోర్డు షార్ట్ అవుతుంది. "జనరల్ సర్వీస్ చేసి పేస్ట్ మారుస్తాం" అని వెయ్యి రూపాయలకు చెప్పే దుకాణాలు ఉంటాయి. వారంటీలో ఉన్న మిషన్‌కి అది అవసరమే లేదు, పైగా స్క్రూల మీద సీలు పోతే వారంటీ కూడా పోతుంది. నిలబెట్టి వాడితే ద్రవ లోహం కిందికి జారుతుందన్న చర్చ 2023 మొదట్లో బాగా నడిచింది. రిపేరుకు వచ్చినవాటిలో విప్పినవీ, కింద పడినవీ చాలా ఉంటాయి కాబట్టి దాన్ని పట్టుకుని భయపడక్కర్లేదు. అయినా పడుకోబెట్టడమే నా సలహా, వేరే కారణంతో: నిలబెడితే తొమ్మిదేళ్ల పిల్లాడి చెయ్యి తగిలి పడుతుంది. పైగా స్లిమ్‌కి నిలబెట్టే స్టాండ్ బాక్సులో రాదు, విడిగా కొనాలి. పడుకోబెట్టడానికి చిన్న ప్లాస్టిక్ కాళ్లు రెండు బాక్సులోనే ఉంటాయి.

చప్పుడు గురించి రాసేవాళ్లలో ముగ్గురికి మూడు రకాల చప్పుళ్లు వినిపిస్తాయి. సన్నగా చెవిలో దోమలా వచ్చేది కాయిల్ శబ్దం; ఒక్కో పీస్‌కి ఒక్కోలా ఉంటుంది, ప్రమాదం లేదు. డిస్క్ వేసినప్పుడు వచ్చే గర్రు మామూలే, ఇన్‌స్టాల్ అయ్యాక తగ్గుతుంది. ఫ్యాన్ హోరు రోజురోజుకీ పెరుగుతుంటే అది దుమ్ము.

కరెంటు విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. పీఎస్5 పవర్ కార్డ్ రెండు పిన్నులది, ఎర్త్ లేదు. టీవీకి కూడా ఎర్త్ సరిగా లేకపోతే హెచ్‌డీఎంఐ తీగ చివర లోహం ముట్టుకుంటే సన్నగా జుమ్మంటుంది. ఆ స్థితిలో రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే ఆ తేడా వోల్టేజ్ నేరుగా హెచ్‌డీఎంఐ చిప్ మీద పడుతుంది. "ఏమీ చేయలేదండీ, టీవీ మార్చాం అంతే, బొమ్మ రావట్లేదు" అనే కేసుల్లో చాలా వాటికి మూలం ఇది. గోడ స్విచ్చులు రెండూ ఆపి, ముందు హెచ్‌డీఎంఐ పెట్టి, తర్వాత పవర్ ఇవ్వండి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు టీవీ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలవమనండి. ఒకటి రెండు వోల్టులుంటే పరవాలేదు, పదుల్లో చూపిస్తే ఎర్త్ పనిచేయట్లేదు. ఎర్త్ లేని సాకెట్‌లో ఎంత ఖరీదైన స్పైక్ గార్డ్ పెట్టినా పూర్తి రక్షణ ఇవ్వదు. వానాకాలం ఉరుములప్పుడు పవర్ ప్లగ్ ఒక్కటే పీకితే సరిపోదు. కేబుల్ టీవీ తీగ నుంచి సెట్ టాప్ బాక్సు, అక్కడి నుంచి టీవీ, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా దెబ్బ మిషన్‌కి చేరుతుంది. ఆ తీగ కూడా పీకండి.

కరెంటు పోతే వచ్చే సమస్య వేరే. గేము సేవ్ అవుతున్నప్పుడో, రెస్ట్ మోడ్‌లో డౌన్‌లోడ్ నడుస్తున్నప్పుడో టక్కున పోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు స్టోరేజ్ రిపేర్ చేస్తున్నట్టు చూపిస్తుంది. ఒకటి రెండుసార్లయితే ఏమీ కాదు, తరచూ జరిగితే డేటా చెడుతుంది. గేము ఆడేటప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు, 55 అంగుళాల టీవీ 120 నుంచి 150, రూటర్ ఒక పది. మొత్తం 360 దాకా. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సరిగ్గా 360 వాట్లే, కాబట్టి అది చాలదు. 1 కేవీఏ తీసుకోండి. అది గంటలు నడపదు, ఐదు పది నిమిషాలు ఇస్తుంది. సేవ్ చేసి ఆపడానికి అంత చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌దేనా చూడండి. వెనక ఉండే చిన్న స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో పెడితే మార్పు వేగంగా జరిగి మిషన్ ఆగదు. ఎకో మోడ్‌లో ఉంటే ఆ క్షణకాలపు గ్యాప్‌కే ఆఫ్ అయిపోవచ్చు.

ఒకవేళ తెల్ల లైటు వెలుగుతూ టీవీలో బొమ్మ రాకపోతే వెంటనే దుకాణానికి పరిగెత్తకండి. మిషన్ ఆఫ్ చేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. సుమారు ఏడు సెకన్లకు రెండో బీప్ వినిపించగానే వదిలేయండి. సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని తీగతో కలిపి, వీడియో అవుట్‌పుట్ మార్చే రెండో ఆప్షన్ తీసుకోండి. టీవీ మార్చినప్పుడు వచ్చే చీకటి స్క్రీన్లు చాలావరకు ఇక్కడే తీరతాయి. గేములు నత్తనడకగా తెరుచుకుంటుంటే ఐదో ఆప్షన్, కాష్ క్లియర్ చేసి డేటాబేస్ కట్టేది. దాంతో గేములు పోవు. ఆరూ ఏడూ మాత్రం అన్నీ తుడిచేస్తాయి. సేఫ్ మోడ్ కూడా ఏ టీవీలోనూ, ఏ తీగతోనూ కనిపించకపోతే హెచ్‌డీఎంఐ పోర్టో చిప్పో పోయిందని అర్థం. అప్పుడు, వారంటీ అయిపోయి ఉంటేనే, సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ వైపో, కోఠి గుజరాతీ గల్లీ వైపో అడగండి. మైక్రోస్కోప్ కింద చేస్తారా, పోర్టు ఒక్కటే మారుస్తారా, చిప్ కూడా చెక్ చేస్తారా అని ముందే అడిగి, కాగితం మీద రాయించుకుని ఇవ్వండి.

"మా టీవీలో పీఎస్4కీ దీనికీ తేడా లేదు" అనేవాళ్లవి ఎక్కువగా సెట్టింగ్ సమస్యలు. మీ టీవీ 60 హెర్ట్జ్ అయినా పరవాలేదు, టీవీ మార్చకండి. 120 హెర్ట్జ్ కొన్ని గేముల్లోనే ఉపయోగం. కానీ మూడు పనులు చేయాలి. టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు పూర్తి సిగ్నల్ తెరవాలి. సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అనీ, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనీ, ఎల్‌జీలో డీప్ కలర్ అనీ ఉంటుంది. ఇది ఆఫ్‌లో ఉంటే హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు మెరుగ్గా చూపేది) రాదు. రెండోది టీవీ గేమ్ మోడ్. లేకపోతే బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది, దాన్ని కంట్రోలర్ తప్పు అనుకుంటారు. మూడోది పీఎస్5 సెట్టింగ్స్‌లో గేమ్ ప్రీసెట్స్ అనే చోట పర్ఫార్మెన్స్ మోడ్ పెట్టడం. రిజల్యూషన్ మోడ్‌లో చాలా గేములు సెకనుకు 30 ఫ్రేములతో నడుస్తాయి, పర్ఫార్మెన్స్‌లో 60. ఒకే గేముని ఒకరు "జారుతున్నట్టుంది" అనీ ఇంకొకరు "వెన్నలా ఉంది" అనీ రాయడానికి కారణం ఈ ఒక్క మీటే.

రెండు చిన్న విషయాలు కొన్నాక బాధపెడతాయి. దీనికి ఆప్టికల్ పోర్టు లేదు, పాత హోమ్ థియేటర్‌ని టీవీ నుంచే కలపాలి. ఫోన్‌కి వాడే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు దీనికి నేరుగా కలవవు. తీగ ఇయర్‌ఫోన్ కంట్రోలర్ కింద గుచ్చుకోవచ్చు.

స్టోరేజ్ చాలదన్నది పచ్చి నిజం. పాత మోడల్ 825 జీబీలో వాడుకోగలిగేది 667 జీబీ, స్లిమ్ 1 టీబీలో సుమారు 842. పెద్ద గేములు ఒక్కొక్కటి 100 జీబీ దాటుతున్నాయి కాబట్టి ఏడెనిమిదికి నిండుతుంది. అయినా మొదటిరోజే ఎస్ఎస్‌డీ కొనకండి. ఇద్దరు పిల్లలు ఒకేసారి ఆడేది మూడు నాలుగు గేములే, మిగతావి డిలీట్ చేసి మళ్లీ వేసుకోవచ్చు. 100 ఎంబీపీఎస్ నెట్‌లో 100 జీబీ దిగడానికి రెండుంపావు నుంచి రెండున్నర గంటలు. రాత్రి రెస్ట్ మోడ్‌లో పెడితే పొద్దుటికి సిద్ధం. మీ ప్లాన్‌లో నెలవారీ డేటా పరిమితి ఎంతో మాత్రం చూసుకోండి.

కొనాల్సి వచ్చినప్పుడు దుకాణంలో అడగాల్సింది ఇది: ఎం.2 ఎన్‌వీఎంఈ, జెన్ 4, 2280 సైజు, రీడ్ స్పీడ్ 5,500 ఎంబీ లేదా అంతకన్నా ఎక్కువ, హీట్‌సింక్‌తో సహా మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. తక్కువ ధరకు వస్తోందని జెన్ 3 గానీ, చూడటానికి అలాగే ఉండే సాటా ఎం.2 గానీ తీసుకుంటే పనిచేయదు. ల్యాప్‌టాప్‌కి కొనేవాళ్లు హీట్‌సింక్ అడగరు కాబట్టి దుకాణంవాళ్లు లేనిది చేతిలో పెడతారు, మీరు గుర్తుచేయండి. బిగించడం పది నిమిషాల పని: ప్లేట్ తీసి, స్లాట్ మూతకున్న ఒక్క స్క్రూ విప్పి, లోపలి చిన్న స్పేసర్‌ని 80 అని రాసిన కంతలోకి మార్చి, ఎస్ఎస్‌డీని ఏటవాలుగా గుచ్చి కిందికి వంచి స్క్రూ బిగించండి. మూత మళ్లీ పెట్టండి. ఆన్ చేయగానే ఫార్మాట్ చేయమని అదే అడుగుతుంది. ఇంట్లో పాత యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఉంటే అందులోంచి పీఎస్4 గేములు ఆడొచ్చు. పీఎస్5 గేములు అందులో దాచుకోవచ్చు గానీ ఆడటం కుదరదు. ఆ తేడా తెలియక కొని తిట్టుకున్నవాళ్లు చాలామంది.

కంట్రోలర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో న్యాయం ఉంది, సోనీని వెనకేసుకు రావాల్సిన పని లేదు. బొటనవేలితో తిప్పే స్టిక్ కింద చిన్న కార్బన్ పట్టీ మీద ఒక ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగినా, దుమ్ము చేరినా, చెయ్యి పెట్టకుండానే బొమ్మ ఒక పక్కకు నడుస్తుంది. దాన్నే డ్రిఫ్ట్ అంటారు. ఆరు వేల వస్తువు ఇలా ఉండకూడదు. వస్తే ముందు వెనక చిన్న కంతలో పిన్నుతో ఐదు సెకన్లు నొక్కి రీసెట్ చేసి, తీగతో మళ్లీ కలపండి. తగ్గకపోతే గేము సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా గేము పట్టించుకోదో చెప్పేది) కొంచెం పెంచండి. ఆ తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క స్టిక్ మొదట్లో వేసి గుండ్రంగా తిప్పడం. కొన్ని వారాలు పనిచేస్తుంది, శాశ్వతం కాదు. శాశ్వత మందు స్టిక్ మాడ్యూల్ మార్చడమే. ఒక్కో స్టిక్‌కి పద్నాలుగు టంకాలు తీసి వేయాలి, ఇంట్లో చేసేది కాదు. దుకాణంలో వేయించేటప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయమనండి, అందులో రాపిడి లేదు కాబట్టి అరగదు. వేశాక కంప్యూటర్‌కి కలిపి క్యాలిబ్రేషన్ (స్టిక్ మధ్యస్థానం సరిదిద్దడం) చేస్తారా అని అడగండి. చేయకపోతే కొత్త స్టిక్ కూడా పక్కకు లాగుతుంది.

ట్రిగ్గర్ (కంట్రోలర్ పైన చూపుడువేలితో నొక్కేది) లోపల చిన్న మోటారు, పళ్ల చక్రాలు, స్ప్రింగు ఉంటాయి. పిల్లలు కసిగా నొక్కే ఇంట్లో ట్రిగ్గర్ ఎఫెక్ట్‌ని వీక్‌లో పెట్టండి; ఆయుష్షు పెరుగుతుంది, చార్జింగ్ కూడా నిలుస్తుంది. ఇద్దరు పిల్లలంటే రెండో కంట్రోలర్ ఖర్చు బడ్జెట్‌లో ఇప్పుడే కలుపుకోండి. పాత పీఎస్4 కంట్రోలర్ ఉంటే అది పీఎస్4 గేములకే పనికొస్తుంది, పీఎస్5 గేములకు పనిచేయదు.

డిస్కా డిజిటలా? మీ ఇంటికి డిస్క్. ఈ విషయంలో నాకు సందేహం లేదు. కొత్త పెద్ద గేము ఐదు వేల దగ్గర ఉంటుంది. డిస్క్ అయితే ఆడేసి అమ్మొచ్చు, మార్చుకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చు. డిజిటల్‌లో కొన్నది ఆ అకౌంట్‌కే అతుక్కుపోతుంది. వాపసు కూడా 14 రోజుల్లోపు, అదీ డౌన్‌లోడ్ మొదలుపెట్టకపోతేనే. డిజిటల్ బాగుందని రాసేవాళ్లు ఏడాదికి రెండు మూడు గేములు, సేల్‌లో సగం ధరకు కొనేవాళ్లు. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే, ఇద్దరు పిల్లల ఇంటికి కుదరదు. స్లిమ్‌లో డ్రైవ్ ఊడదీయొచ్చు, తర్వాత తగిలించొచ్చు. మొదటిసారి తగిలించినప్పుడు నెట్ తప్పనిసరి. డిస్క్ ఉన్నా గేము లోపల ఇన్‌స్టాల్ కావాల్సిందే, ఆడుతున్నంతసేపూ డిస్క్ లోపలే ఉండాలి. విదేశాల నుంచి వచ్చిన డిస్కులు ఆడతాయి గానీ అదనపు కంటెంట్ కొంటే డిస్క్ ప్రాంతమూ అకౌంట్ దేశమూ కలవాలి. అకౌంట్ దేశం తర్వాత మార్చలేరు, మొదట్లోనే ఇండియా పెట్టండి.

ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా కట్టాలి. ఉచిత గేములకు మాత్రం అక్కర్లేదు. మన దగ్గర ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్ అని మూడు. ఎక్స్‌ట్రాలో గేముల లైబ్రరీ వస్తుంది, కొత్తగా మొదలుపెట్టే ఇంటికి ఒక ఏడాది అదే లాభం. చందాకి ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. పీఎస్5 గేముల సేవ్ డేటాని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయలేం. లోపలి ఎస్ఎస్‌డీ బోర్డుకే టంకం వేసి ఉంటుంది. బోర్డు పోతే, చందాతో వచ్చే క్లౌడ్ బ్యాకప్ లేని పిల్లాడి ఏడాది ఆట మొత్తం పోయినట్టే.

ఆన్‌లైన్‌లో మాటలు వినపడట్లేదు, ఆట కలవట్లేదు అనే ఫిర్యాదులు సాధారణంగా నెట్‌వి. నెట్‌వర్క్ టెస్ట్‌లో నాట్ టైప్ (మీ మిషన్ బయటి ఆటగాళ్లతో ఎంత సులువుగా కలుస్తుందో చెప్పేది) 2 వస్తే చాలు. టైప్ 3 వస్తే రూటర్‌లో యూపీఎన్‌పీ (మిషన్‌కి కావాల్సిన దారులు రూటరే తెరిచే సెట్టింగ్) ఆన్ చేయండి. అప్పటికీ మారకపోతే మీ నెట్ కంపెనీ ఒకే ఐపీని (నెట్ చిరునామాని) చాలామందికి పంచుతోందన్నమాట. పబ్లిక్ ఐపీ అడగాలి. వీలైతే లాన్ తీగ లాగించండి.

పీఎస్5 ప్రో కోసం ఆగక్కర్లేదు. 2024 నవంబరు 7న అది విడుదలైనప్పుడు, 6 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌కి అనుమతి లేని దేశాల్లో అమ్మబోమని సోనీ చెప్పింది, అందులో మనదీ ఉంది. దిగుమతి పీస్‌కి ఇక్కడ వారంటీ కష్టం, పైగా మీ 60 హెర్ట్జ్ టీవీలో ఆ డబ్బుకు తగ్గ తేడా కనపడదు.

పిల్లల అకౌంట్లు తెచ్చిన రోజే చేయండి. మీ అకౌంట్‌తో మొదలుపెట్టి, ఇద్దరికీ వాళ్ల అసలు వయసుతో చైల్డ్ అకౌంట్లు తెరవండి. రోజుకు ఎంతసేపు, నెలకు ఎంత ఖర్చు అన్నవి ఫ్యామిలీ మేనేజ్‌మెంట్‌లో పెట్టొచ్చు. మిషన్ పాస్‌కోడ్ ఫ్యాక్టరీ నుంచి 0000 అని వస్తుంది, అది పిల్లలకు తెలియకముందే మార్చండి. కార్డు సేవ్ చేసి ఉంటే, కొనేటప్పుడు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

కొత్తదా పాతదా అంటే, తేడా పదిహేను వేలకు మించితేనే పాతది చూడండి. ఏడాది వారంటీ విలువ మన ఎండకూ కరెంటుకూ అంత ఉంటుంది. పాతది చూడటానికి వెళ్తే గంట సమయం పెట్టుకుని వెళ్లండి. బిల్లు చూసి, దాని మీది సీరియల్ నంబరు మిషన్ వెనకదానితో కలుస్తుందో చూడండి. ప్లేట్ తీయించి సీలు స్టిక్కర్లు, స్క్రూ తలలు అరిగాయేమో చూడండి. అరిగుంటే లోపల చెయ్యి పడింది, ఇక బేరం వద్దు. 4కే టీవీకే తగిలించమనండి. మీ అకౌంట్‌తో లాగిన్ అయి ఆన్‌లైన్‌లోకి వెళ్తుందో చూడండి, సోనీ తన ఆన్‌లైన్ నుంచి నిషేధించిన మిషన్ అయితే అక్కడే తెలుస్తుంది. ఒక డిస్క్ తీసుకెళ్లి వేసి, బయటికి రప్పించి, మళ్లీ వేయండి. అందులో ముందే ఉండే ఆస్ట్రోస్ ప్లేరూమ్ తెరిస్తే కంట్రోలర్ కంపనాలు, ట్రిగ్గర్లు, మైకు అన్నీ పది నిమిషాల్లో పరీక్షించొచ్చు. తర్వాత బరువైన గేము ఒకటి ఆపకుండా నలభై ఐదు నిమిషాలు నడిపించి, వెనక చెయ్యి పెట్టి చూడండి. వేడిగాలి బలంగా తోసుకుని వస్తుంటే మంచిదే. మిషన్ వేడిగా ఉండి గాలి నీరసంగా వస్తుంటే లోపల మూసుకుపోయింది. అన్నీ సరిపోయాక, డబ్బు ఇచ్చేముందు, అమ్మే అతని చేతనే అతని అకౌంట్ తీయించి, పూర్తిగా రీసెట్ చేయించండి.